భయస్థుడి లేత్

మా మావయ్య పోయారన్న కబురు కిందటి నెలలో ఒక ఉదయం అత్త ఫోన్లో చెప్పింది. నేను స్కూల్లో ఆరో తరగతి పిల్లల హాజరు వేస్తున్నాను. "టీ తాగినాడు, గ్లాసు కింద ఎట్టినాడు, మరి లెగలేదమ్మీ" అంది. ఏడవలేదు. అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. క్లాసు పక్క టీచరుకి అప్పగించి ఆటోలో బ్రూక్షాబాద్ చేరేసరికి, మావయ్య ఇంటి ముందు రోడ్డు పొడుగునా పడవల వాళ్ళు నిలబడి ఉన్నారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, రాంచీ వాళ్ళు. ఒకతను నన్ను చూసి "దీదీ, ఉస్తాద్ చలే గయే", మా గురువు వెళ్ళిపోయాడు అని, చేతిలో ఉన్న టోపీని ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ రోజంతా వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. ఎంత ధైర్యం గల మనిషో, సునామీకి అంతా పోగొట్టుకుని మళ్ళీ లేత్ పెట్టి నిలబడ్డాడు అని. నేను తల ఊపుతూ కూర్చున్నాను. శవం లేవకముందు వాదన పెట్టుకోలేం కదా. ఇప్పుడు కర్మకాండలన్నీ అయ్యాయి కాబట్టి చెప్తున్నాను. మా మావయ్య అంత భయస్థుణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు. ఈ మాట పొగడ్తగానే అంటున్నాను, చివరిదాకా చదివితే మీరూ ఒప్పుకుంటారు.

ఆయన మా అమ్మకి తమ్ముడు. టర్నర్ పని చేసేవారు. అంటే లేత్ మీద ఇనుమూ ఇత్తడీ తిప్పుతూ, కోసి, కావలసిన కొలతకి తేవడం. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల జెట్టీని ఆనుకుని ఆయన షాపు ఉండేది. మా దీవుల్లో చిన్న పడవని డోంగీ అంటాం. డోంగీలో ఇంజన్ దగ్గర్నుంచి వెనక నీళ్ళలో తిరిగే పంకా దాకా ఒక పొడుగాటి ఇనప కడ్డీ ఉంటుంది. దాన్ని షాఫ్ట్ అంటారు. అది విరిగితే ఇంజన్ ఎంత మొత్తుకున్నా పడవ కదలదు, గాలి ఎటు తోస్తే అటే పోతుంది. ఆ షాఫ్టులు తిప్పడం మావయ్య పని.

ఒళ్ళంతా కిరసనాయిలు వాసన, జుట్టు నిండా ఇత్తడి పొట్టు. అన్నానికి కూర్చోబోయే ముందు అత్త ఆయన తలని గుమ్మం బయటికి వంచి దులిపేది. వేలికి ఉంగరం గానీ మెడలో దారం గానీ ఉండేవి కావు. తిరిగే మిషన్ దగ్గర మనిషికి వేలాడేది ఏదీ ఉండకూడదని ఆయన పట్టు. పెళ్ళి ఫోటోలో కూడా పొట్టి చేతుల చొక్కాతోనే ఉంటారు. సాయంత్రం పని అయ్యాక లేత్ తుడిచి, పాత లుంగీ కప్పి, లోపల పసిపిల్లెవరో నిద్రపోతున్నట్టు షట్టర్ మెల్లగా దించేవారు.

సునామీ వచ్చిన ఆ డిసెంబరు ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. మా వంటింట్లో గిన్నెలన్నీ ఒక్కసారిగా కింద పడ్డాయి. మా ఇల్లు అప్పటికే బ్రూక్షాబాద్‌లో, ఎత్తు మీద. మావయ్యా అత్తా మాత్రం షాపు వెనక గదుల్లో ఉండేవారు. జెట్టీ కింద నీళ్ళు వెనక్కి లాగేసి, బురదలో చేపలు ఎగిరిపడుతున్నాయట. వాటికోసం దిగబోతున్న పిల్లల్ని మావయ్య బూతులు తిట్టి పైకి తరిమారట. అంతలో నీళ్ళు తిరిగొచ్చాయి. కొంత దూరం పరుగెత్తి, కొంత దూరం ఎవరిదో లారీ ఎక్కి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అత్త కాళ్ళకి చెప్పుల్లేవు. మావయ్య ఒంటి మీద చొక్కా లేదు. వాళ్ళని చూసి అమ్మ పెట్టిన కేక నాకింకా చెవుల్లోనే ఉంది.

షాపు కూలిపోలేదు గానీ లేత్ ఉప్పునీళ్ళలో మునిగి నానింది. నీళ్ళు తీశాక షట్టర్ ఎత్తి చూస్తే ఎర్రగా తుప్పు పట్టి ఉంది. మావయ్య దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు, గుమ్మంలోంచి చూసి వెనక్కి వచ్చేశారు. మిషన్ పోయిందన్న బాధ అనుకున్నాం. సంగతి అది కాదు. ఆయన నాకు తర్వాతెప్పుడో చెప్పిన మాట మీకు ముందే చెప్పేస్తాను. లేకపోతే ఆయన చేష్టలు మాకు కనబడినట్టే మీకూ పిచ్చి చేష్టల్లా కనబడతాయి.

మా ఇంటికి దిగువ వీధిలో ఉండే, నాకు పెద్దమ్మ వరసైన ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ ఆ ఆదివారం తెల్లారకముందే డోంగీ వేసుకుని దక్షిణం వైపు వేటకి వెళ్ళారు, తిరిగి రాలేదు. అయితే ఆ రోజు లోపలి సముద్రంలో ఉన్న మావాళ్ళ పడవలు దాదాపు అన్నీ తిరిగొచ్చాయి. లోతు నీళ్ళలో ఆ అల వాళ్ళ కింద నుంచే వెళ్ళిపోయింది, వాళ్ళకి తెలియను కూడా తెలియలేదు. ఒడ్డు పక్కన, రాళ్ళ దగ్గర ఉన్నవాళ్ళే పోయారు. మరి చీకట్లోనే లోపలికి పోయిన ఆ డోంగీ మళ్ళీ రాళ్ళ వైపు ఎందుకు వచ్చింది? ఇంజన్ ఆడుతూ ఉంటే రాదు. షాఫ్ట్ విరిగి, గాలికి కొట్టుకొస్తే వస్తుంది, అదీ మావయ్య లెక్క. ఆ షాఫ్ట్ మావయ్య తిప్పిందే. ఆయన లేత్ అప్పటికే అరిగి ఉంది. మార్చాలి మార్చాలి అనుకుంటూ నడిపించేస్తున్న మిషన్ అది.

అది నిజమో కాదో చెప్పే మనిషి ఎవరూ మిగల్లేదు. పడవది ఒక్క చెక్కముక్క కూడా దొరకలేదు.

ఆ తర్వాత నెలల తరబడి భూమికి కుదురు లేదు. ఏ క్షణాన ఊగుతుందో తెలియదు. స్టూలు మీద ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పెట్టుకుని, మాట్లాడుకుంటూ కూడా దాని వంకే చూసేవాళ్ళం. మా ఇంట్లోనే ఉండిపోయిన మావయ్య చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని గుమ్మానికి అడ్డంగా పడుకునేవారు. కూరలకి వెళ్తే పెద్దమ్మ ఉండే వీధి తప్పించి చుట్టూ తిరిగి వచ్చేవారు. అన్నిటికన్నా నాకు భయం వేసింది ఆయన చేతులు చూసి. వెంట్రుకవాసి తేడా పట్టుకునే చేతులు, కప్పూ సాసరూ ఇస్తే టకటకా కొట్టుకునేవి. అత్త నోరెత్తకుండా సాసర్లన్నీ అటక మీద పెట్టేసి, అందరికీ గ్లాసుల్లో టీ ఇవ్వడం మొదలుపెట్టింది.

పడవల వాళ్ళు ఇంటికొచ్చి అడుగుతూనే ఉన్నారు. మిషన్ లేదు భయ్యా, అని పంపించేసేవారు. చివరికి మా అమ్మే ఒకరోజు విరుచుకుపడింది, ఎన్నాళ్ళు ఇలా గుమ్మం కాపలా కాస్తావురా, నీకు తెలిసిన పని ఒక్కటే, అది చెయ్యి అని. ఆయన గుమ్మంలోంచి లేచి నిలబడ్డారు. తర్వాత, వైజాగ్ వెళ్ళి చూస్తాను, చిన్నదే అయినా మంచి లేత్ దొరికితే తెస్తాను అన్నారు. నన్ను కూడా తీసుకెళ్తానన్నారు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. చిన్నప్పట్నుంచీ ఆ షాపులోనే ఆడుకున్నదాన్ని. కానీ అది సముద్రం మీద ప్రయాణం. నేనెందుకు అన్నాను.

"నా చెయ్యి నాకు పనికిరాకుండా పోనాదమ్మీ" అన్నారాయన. "మిషన్ మీద ఏస్తే, వణుకు దానిదో నాదో తెలవడం లేదు. నీ చెయ్యి కావాల."

హడ్డో రేవులో ఓడెక్కాం. ఎప్పుడూ సంతలా ఉండే ఓడ, ఆసారి ఆసుపత్రి వరండాలా ఉంది. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మావయ్య లైఫ్ జాకెట్టు తలకింద పెట్టుకుని బంకు మీద వెల్లకిలా పడుకున్నారు, డెక్ మీదికి రమ్మంటే రానన్నారు. నేనూ పోలేదు. ఆ నీళ్ళని చూడాలంటే నాకు ఒళ్ళు జలదరించేది. ఓడ ఒక్కసారి పక్కకి ఒరిగితే చాలు, ఇద్దరం ఒకరి మణికట్టు ఒకరు పట్టుకునేవాళ్ళం. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను, మా స్కూల్లో చెప్పిన చర్చి ప్రార్థన కూడా వదల్లేదు.

ఆ భయంలోనే ఆయన నాకు పాఠం మొదలుపెట్టారు. నా అరచేతిని ఓడ ఇనప గోడకి ఆనించి కళ్ళు మూసుకోమన్నారు. ముందు తెలిసేది ఇంజన్ అదురు. దానికి అడుగున ఇంకొకటి ఉంటుంది, నిదానంగా, బరువుగా, అది షాఫ్ట్ తిరగడం, దాన్ని పట్టుకో అన్నారు. మొదట నాకు నా గుండె చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. గంటల తరబడి అలాగే కూర్చోబెట్టారు. మర్నాటికి ఆ రెండో అదురు చేతికి అందింది. సమంగా వణికేదాన్ని నమ్ము, ఆగి ఆగి వణికేదాన్ని నమ్మకు అని ఆయన తర్వాత ఎప్పుడూ అంటుండే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. పనిలో పడేసరికి సముద్రం సంగతి కాసేపు మర్చిపోయాను. ఆయన మర్చిపోయారో లేదో నాకు తెలియదు.

వైజాగ్ ఆటోనగర్‌లో పాత మిషన్లు, కొత్త మిషన్లు కలిపి అమ్మే యార్డు ఒకటి. యజమాని పెద్దవయసు మనిషి, మాకు తలో స్టూలూ వేయించి, చూసుకోండి అని వదిలేశాడు. మొదటి లేత్ ఆకుపచ్చ రంగు కొత్తగా పూసుకుని తళతళలాడుతోంది. నాకు తెగ నచ్చింది. "రంగు చూసి మురిసిపోకు, గోరు పెట్టి చూడు" అన్నారు మావయ్య. కోసే పనిముట్టు అటూ ఇటూ జరిగే పొడుగాటి ఇనప పట్టాలని బెడ్ అంటారు. దాని మీద ఆ చివర నుంచి ఈ చివరకి గోరు లాగమన్నారు. లాగాను. కడ్డీని బిగించి పట్టుకునే చక్ దగ్గరికి వచ్చేసరికి గోరు తట్టుకుంది. ఎప్పుడూ పని జరిగేది అక్కడే కాబట్టి అరుగుదల కూడా అక్కడే, అంత రంగు పూసిందీ దాన్ని మూయడానికే. రెండోది సరికొత్తది. కానీ మరీ తేలిక, ఇద్దరు మనుషులు ఎత్తేసేలా ఉంది. కోత పడగానే గెంతుద్ది అని దాన్ని వదిలేశారు.

మూడోది పాతది. బూడిద రంగు, పొట్టిగా బలిసినట్టు ఉంది. గోరు ఎక్కడా తగల్లేదు. హ్యాండిల్ ముందుకి తిప్పి వెనక్కి తిప్పితే ఖాళీగా తిరగకుండా వెంటనే పట్టుకుంది. చక్‌లో ఒక గొట్టం బిగించి, దాని కింద చెక్క పెట్టి పైకెత్తితే ఎక్కడా టక్కుమనలేదు, లోపల ఏదీ వదులు కాలేదన్నమాట. చక్ వెనక రంధ్రంలోకి మావయ్య తన బొటనవేలు దూర్చి చూసుకున్నారు. చిన్న లేత్ మీద పొడుగాటి షాఫ్ట్ తిప్పాలంటే మిగతా కడ్డీ ఆ రంధ్రంలోంచి వెనక్కి పోవాలి, అది ఇరుగ్గా ఉంటే పడవ పనికి అక్కరకి రాదు. దీని రంధ్రం సరిపోయేలా ఉంది. ఇష్టపడ్డారని ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. మరుక్షణం నుదుటి మీద చెమట పట్టింది. అది ఎందుకో నాకు అర్థం కాలేదు.

మిషన్ ఆన్ చేశారు. నేను చెయ్యి ఆనించాను. చక్కగా, సమంగా ఉంది. చెప్పబోతున్నాను, అంతలో కాళ్ళ కింద నుంచి అదురు వచ్చింది. పక్కనున్న డ్రమ్ములో నీళ్ళు వలయాలు తిరిగాయి. నేను మావయ్య మొహం చూశాను, ఆయన నా మొహం చూశారు. అంతే. భూకంపం, బయటికి రండి అని అరుస్తూ ఇద్దరం గేటు దాటి పరుగెత్తాం. మామూలు మనుషులైతే రోడ్డు మీద ఆగేవారు. మాకు భూమి కదిలిందంటే తర్వాత వచ్చేది నీళ్ళే. ఎత్తు ఎక్కడుందా అని చూసి, రోడ్డు అవతల పోసి ఉన్న కంకర గుట్ట మీదికి పాకాం. నేను జారుతుంటే మావయ్య నా జడ పట్టుకుని లాగారు. గుట్ట పైకెక్కి చూస్తే, ఉక్కు చుట్టలు వేసుకున్న పెద్ద ట్రైలర్ లారీ ఒకటి మలుపు తిరుగుతోంది. అదురు దానిది.

కింద యార్డు కుర్రాళ్ళు నవ్వుతున్నారు. పిచ్చివాళ్ళని చూసినట్టే చూశారు, తప్పేముంది. యజమాని మాత్రం రోడ్డు దాటి వచ్చి, ఏ ఊరమ్మా మీది అని అడిగాడు. చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. యజమాని చెయ్యి అందించి ముందు నన్ను, తర్వాత మావయ్యని కిందికి దింపి, సోడాలు తెప్పించాడు. నాకు ఏడుపొచ్చేసింది. అంతమంది ముందు కంకర గుట్ట ఎక్కినందుకు కాదు, ఇక మా బతుకంతా ఇలాగే ఉంటుందేమోనని.

ఆ మిషన్ వణుకుతాంది, వద్దు అన్నారు మావయ్య. వణికింది రోడ్డు, మిషన్ కాదు అని నేను చెప్తూనే ఉన్నాను, వినలేదు. ఆ తర్వాత ఎన్ని చోట్లు తిప్పారో. ఒకదానికి శబ్దం బాగోలేదన్నారు. ఇంకోదానికి పళ్ళ చక్రాలు నచ్చలేదన్నారు. ఇంకోదానికి ఏ వంకా దొరక్క, హ్యాండిల్ పట్టుకుంటే చల్లగా లేదన్నారు. ఇనుము ఎండలో పెడితే చల్లగా ఎలా ఉంటుంది మావయ్యా అని నాకు ఒళ్ళు మండిపోయింది. తిరుగు ఓడ రోజు దగ్గరపడుతోంది. ఆ సాయంత్రం లాడ్జిలో, ఇడ్లీ పొట్లాలు ముందు పెట్టుకుని, అసలు నీకు లేత్ కొనాలని ఉందా లేదా అని అడిగేశాను.

అప్పుడు చెప్పారు, పెద్దమ్మ కొడుకుల సంగతి, అరిగిన లేత్ సంగతి. అల వల్ల పోయారో, నా షాఫ్ట్ వల్ల పోయారో, ఏదైనా ఒకటి తెలిస్తే బతికిపోదును అన్నారు. పొట్లం విప్పనే లేదు.

"మంచి మిషన్ దొరికితే మరి నాకు సాకు ఉండదమ్మీ. తిప్పాల. తిప్పితే ఆళ్ళు దాన్ని నమ్ముకుని సముద్రం మీదికెళ్తారు. అందుకే దొరక్కూడదని చూస్తన్నాను."

నీ తప్పేం లేదు అనడానికి నాకేం తెలుసు? ఆ మాట ఎవరన్నా అనేస్తారేమోనని ఆయన అన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదని మాత్రం అర్థమైంది. రేపు ఆ బూడిద రంగుదే మళ్ళీ చూద్దాం అన్నాను. నీ చెయ్యి ఏం చెప్తే అదే అన్నారు. ఆ మాటకి నిజంగా కోపం వచ్చింది. నా నెత్తిన ఇంత బరువు పెడతావా అనుకున్నాను. నేను మంచిదంటే ఆయన కొంటారు, దాని మీద తిప్పిన షాఫ్టులు మా ఊరి పడవల్లోకి వెళ్తాయి. నా చెయ్యి పొరపాటు పడితే మళ్ళీ ఒక పడవ రాళ్ళ మీదికి కొట్టుకొస్తుంది. ఆయన ఇన్నాళ్ళూ ఏ భయంతో పడుకున్నారో ఆ రాత్రి నాకు తెలిసింది.

మర్నాడు యజమాని ఒక ఇనప కడ్డీ బిగించి, మా ముందే సన్నటి కోత వేయించాడు. మావయ్య మైక్రోమీటరుతో కడ్డీ ఈ చివరా ఆ చివరా కొలిచారు. రెండూ ఒకటే. బెడ్ ఎక్కడన్నా అరిగి ఉంటే ఒక చివర లావు, ఒక చివర సన్నం వస్తుంది, లేత్ ఎంత బాగున్నట్టు నటించినా కడ్డీ నిజం చెప్పేస్తుందని ఆయన నాకు చెప్పారు. మళ్ళీ కోయమన్నారు. మళ్ళీ కొలిచారు. ఇంకోసారి కోయమంటే, యజమాని విసుక్కోకుండా ఇంకో కడ్డీ తెచ్చాడు. అప్పుడు మావయ్య నా వైపు చూశారు. నేను కళ్ళు మూసుకుని చెయ్యి ఆనించాను. బయట ఏదో బండి పోయింది. ఆ అదురు నేల మీద నుంచి నా కాళ్ళలోకి ఎక్కింది, పరుగెత్తాలనిపించింది. కానీ అరచేతి కింద మిషన్ మాత్రం దాని మానాన అది ఆడుతోంది. రెండూ వేరు వేరని మొదటిసారి స్పష్టంగా తెలిసింది.

మంచిదే మావయ్యా, అన్నాను. నమ్మకంగానే చెప్తన్నావా, అని అడిగారు. లేదు, భయంగానే చెప్తున్నాను, కానీ మంచిదే, అన్నాను. ఆయన ఆ జవాబుకి చాలాసేపు తల ఊపారు. ఉన్నదంతా ఊడ్చి ఆ లేత్ కొన్నాం.

లేత్ ఓడలో వచ్చింది. జంగ్లీఘాట్ షాపులో పెట్టనని మావయ్య మొండికేశారు. బ్రూక్షాబాద్‌లో మా ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసి, లోతుగా సిమెంటు దిమ్మె కట్టించి దాని మీద బిగించారు. సముద్రానికి అంత దూరంలో పడవల పని చేసే టర్నర్ ఎక్కడన్నా ఉంటాడా అని ఊరు నవ్వింది. ఆయన పడవ పని చేస్తే కదా! గేటు బందులు, నీళ్ళ పంపు బుష్షులు, ఇడ్లీ పిండి గ్రైండరు కడ్డీలు తిప్పుతూ కాలక్షేపం చేశారు. షాఫ్ట్ అని ఎవరన్నా నోరెత్తితే, లేత్ ఇంకా దారికి రాలేదు అనేవారు. మంచి మిషన్ తెచ్చి దానితో బందులు తిప్పిస్తున్నారని నాకు లోపల్లోపల ఉడికిపోయేది. మళ్ళీ అంతలోనే, నా చేతి మీద నమ్మకం పెట్టి పడవలు వెళ్ళడం లేదు కదా అని హాయిగానూ ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ ఎత్తు రోడ్డు మీద పెద్దమ్మ ఎక్కి వస్తూ కనబడింది. వెనక ఆవిడ మూడో కొడుకు, భుజం మీద వంగిపోయిన షాఫ్టుతో. మావయ్య ఆవిడని చూసి షెడ్డు వెనక దారిలోంచి పోబోయారు. నేను అడ్డంగా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. పెద్దమ్మ లోపలికొచ్చి, ఆయాసం తీర్చుకుని, కొడుక్కి కొత్త షాఫ్ట్ కావాలంది. ఉన్నవాడు వీడొక్కడే, పడవ తప్ప ఇంకో పని రాదు, పంపక తప్పదు అంది. అక్క వరసైన ఆవిడని మావయ్య అప్ప అని పిలిచేవారు.

"అప్పా, నీకో మాట చెప్పాల" అన్నారు. "ఆ వేళ నీ కొడుకుల పడవకి షాఫ్ట్ నేనే తిప్పినాను. మిషన్ అరిగిపోయుందని నాకు తెలుసు."

"నాకు తెల్దేటి, నువ్వే తిప్పినావని? ఈ ఊర్లో ఇంకెవులు తిప్పుతారు?"

"నా వల్లే పోయుంటే?"

కొడుకు షాఫ్టుని భుజం మీద నుంచి దించడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు.

"ఆ మాట నేనూ అడిగినాను. రోజూ జెట్టీ మీదికెళ్ళి సముద్రాన్ని అడిగినాను. చెప్పలేదు, తమ్ముడా. నీకూ చెప్పదు" అంది.

మావయ్య, నాకు భయమేస్తాందప్పా, అన్నారు. అంత పెద్ద మనిషి ఆ మాట పైకి అనడం నేనెప్పుడూ వినలేదు.

"నాకు మాత్రం లేదేటి?" అంది పెద్దమ్మ. "భయం ఉన్నోడు తిప్పిందే నాకు కావాల. భయం లేనోళ్ళ దగ్గరికి నేను పోలేదు."

ఆ షాఫ్ట్ తిప్పడానికి మావయ్యకి పట్టినంత కాలం ఏ షాఫ్టుకీ పట్టలేదు. చేతుల వణుకు పోలేదు. కానీ హ్యాండిల్ పట్టుకుని, మోచెయ్యి ఒంటికి గట్టిగా అదుముకుని, ఊపిరి బిగించి కోత వేసేవారు. కోత కోతకీ కొలిచేవారు. నన్ను పిలిచి చెయ్యి పెట్టమనేవారు. నేను సరే అంటే అప్పుడు ముందుకి. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆయన తిప్పిన షాఫ్టులు ఎన్నో. వాటిని భుజాల మీద పెట్టుకుని పడవల వాళ్ళు ఆ ఎత్తెక్కి వచ్చేవారు, మా వీధి వాళ్ళకి అది మామూలు దృశ్యం అయిపోయింది. ఎవరు ఎంత తొందరపెట్టినా ఆయన తొందరపడలేదు. ప్రతిదానికీ మొదటిసారి భయపడ్డట్టే భయపడ్డారు. ఆ భయాన్నే ఊరు ధైర్యం అనుకుంది, అనుకోనివ్వండి.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు కళ్ళ ముందుకి వచ్చేది మాత్రం ఆ మొదటి షాఫ్ట్ బిగించిన రోజు. కొత్త షాఫ్ట్ వేసిన పడవ మొదటిసారి నీళ్ళ మీదికి పోయేటప్పుడు, దాన్ని తిప్పిన మనిషి కూడా ఎక్కాలని మావాళ్ళ ఆనవాయితీ. సునామీ తర్వాత మావయ్య డోంగీలో కాలు పెట్టలేదు. ఆ రోజు జంగ్లీఘాట్ జెట్టీ మీద నిలబడి, పడవని చూసి, పెద్దమ్మ వైపు చూసి, మెట్లు కూర్చుని కూర్చుని దిగి పడవ ఎక్కారు. రెండు చేతులతో అంచు పట్టుకున్నారు. ఇంజన్ స్టార్ట్ అయింది.

పెద్దమ్మ జెట్టీ మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. నేను ఆవిడ పక్కన నిలబడి చూస్తున్నాను. పడవ చిన్నదైపోయి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. కాసేపటికి శబ్దం కూడా వినబడలేదు. మంచిదని చెప్పిన నోరు నాదే, ఏమన్నా జరిగితే ఈ తల్లి మొహం ఎలా చూస్తాను అనుకున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంతసేపటికో ఇంజన్ శబ్దం వినబడింది. పెద్దమ్మా, వస్తున్నారు, అన్నాను. ఆవిడ తిరగలేదు.

పడవ జెట్టీని ఆనుకుంది. కుర్రాడు నవ్వుతూ తాడు విసరబోతుంటే మావయ్య వద్దన్నారు. మొహం పాలిపోయి ఉంది, చొక్కా అంతా తడిసిపోయింది. ఇంకోసారి తిప్పు, అన్నారు. మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ, ఇంకోసారి, అన్నారు. చాలు మావయ్యా దిగు అని నేను పిలుస్తున్నా వినిపించుకోలేదు. జెట్టీ మీద వలలు ఆరబెట్టేవాళ్ళు పని ఆపి చూడటం మొదలుపెట్టారు. ఆ పడవలో డీజిల్ అయిపోయేదాకా ఆయన దిగలేదు. వాళ్ళు అలా వెళ్ళి వస్తూ వెళ్ళి వస్తూ ఉండగా, ఎన్నోసారో గుర్తులేదు, పెద్దమ్మ చేతులు నేల మీద ఆనించి మెల్లగా సముద్రం వైపు తిరిగి కూర్చుంది.